ఉప్పునీటి ఒడ్డున పాలరుణం

జూన్ 14

మెలిస్, ఎమిల్ గొర్రెల్ని తోలుకుని కొండమీది పచ్చికకి వెళ్ళిపోయారు. ఇక సెప్టెంబరుదాకా మొగుడూ లేడు, కొడుకూ లేడు. ఇంట్లో అత్తయ్య, బేగిమై, నేను, వచ్చేపోయే అతిథులు. అత్తయ్యతో మాట్లాడబోతే తిట్లు తినాలి. బేగిమై ఫోన్లోంచి తల ఎత్తదు. అందుకని ఈ పుస్తకం తెరిచాను.

ఈరోజు అల్మాటీ నుంచి ఒక కుటుంబం దిగింది. సంచులు కింద పెట్టకముందే "సరస్సు ఎటు?" అని అడిగారు. మా తోసోర్‌లో ఏ గడపలో నిలబడినా కనిపించేది అదే. చూపించాను. ఆయన పరుగున వెళ్ళి వేలు ముంచి నాకాడు. "నిజంగానే ఉప్పగా ఉందే" అని భార్యని పిలిచాడు. ఆవిడా నాకింది. తర్వాత ముగ్గురు పిల్లలూ వరసగా నాకారు. ఎవరొచ్చినా ఇదే తంతు. ఉప్పు అని పలకమీద రాసి పెట్టినా నమ్మరు, ఎవరి నాలుక వాళ్ళకి కావాలి.

ఇంత దూరం వీళ్ళంతా దేనికోసం వస్తారో ఈ ఏడాదైనా తేల్చుకోవాలి. నేను పుట్టింది కొండలకి అవతల, నరీన్ వైపు. ఈ సరస్సు నాకు పెళ్ళితో వచ్చింది, అత్తవారి తరఫు పెద్దమనిషిలాగా. మర్యాదగా దూరం నుంచి చూస్తాను. ఇరవై ఒక్క ఏళ్ళలో మోకాలు దాటి దిగలేదు.

జూన్ 19

అడిగినవాళ్ళు చెప్పిన జవాబులు.

ఓమ్స్క్ నుంచి ఏటా వచ్చే అర్కాద్యెవ్నా: కీళ్ళ నొప్పులకి. సైకిలు మీద వచ్చిన కుర్రాడు, ఏ దేశమో మర్చిపోయాను, ఫోన్లో తర్జుమా చేసి చూపించాడు: మంచుకొండల్ని చూస్తూ గోరువెచ్చటి నీళ్ళలో ఉండొచ్చట. అల్మాటీ ఆయన: "మా ఊళ్ళో ఎటు చూసినా ఏదో ఒకటి చూపుకి అడ్డం వస్తుందమ్మా, ఇక్కడ రాదు." ఇదేదో కొంచెం నిజంలా ఉంది.

అత్తయ్యని అడిగితే, "బట్టలు విప్పుకోడానికి" అంది. "వాళ్ళ ఊళ్ళో విప్పుకుంటే తంతారు గనక ఇక్కడికి వస్తారు."

మధ్యాహ్నం నేనూ బేగిమై దుప్పట్లు పిండుతుంటే అర్కాద్యెవ్నా బల్లమీద కూర్చుని చూసింది. "మీ అమ్మాయా? భుజాలు అచ్చం నీవే" అంది. "కాదు, మా ఆడపడుచు" అన్నాను. బేగిమై తన కొస పిండుతూనే ఉంది, నేను నా కొస పిండాను.

కన్నది నేనే. ఈ ముక్క రాయడానికి ఇంతసేపు పట్టింది. ఊళ్ళో అందరికీ తెలుసు, బేగిమైకీ తెలుసు, ఎవరూ అనరు. నాకు కాన్పైన చలికాలమే మామయ్య పోయారు. ఏడాది తిరిగాక సంవత్సరీకానికి చుట్టాలంతా వచ్చారు. వాళ్ళందరి ముందు అత్తయ్య, "తొలి బిడ్డని నా ఒళ్ళో వెయ్యండి, ఇల్లు ఖాళీగా ఉంది" అంది. తొలిచూలు తాతా నానమ్మలకి వెళ్ళడం మాలో ఉన్నదే. కాదని ఎవరూ అనరు, నేనూ అనలేదు. అప్పటికి పిల్ల నాలుగడుగులు వేస్తోంది. ఆరోజు నుంచి అత్తయ్య అమ్మ, మెలిస్ అన్నయ్య, నేను వదిన.

అయినా ఎక్కడికి పోయింది గనక? పక్క గదికే. రోజూ కళ్ళముందే పెరిగింది. నేను పోగొట్టుకున్నదేమీ లేదు.

జూన్ 20

నిన్నటిది చదివాను. దుప్పట్ల సంగతి రాయబోయి ఎక్కడికో పోయాను.

జూన్ 27

ఒక వింత మనిషి దిగింది. పేరు కలీపా, అత్‌బాషీ నుంచి. యాభై అయిదు దాటి ఉంటాయి. సంచీ నిండా ఎండబెట్టిన పెరుగుండలు, చేతిలో ఒక గొడుగు. మోకాళ్ళకి ఉప్పునీళ్ళు మంచిదని ఎవరో చెప్పారట. సరేనని సరస్సువైపు కిటికీ ఉన్న గది ఇచ్చాను. వద్దంది. వాకిలివైపు గది అడిగి తీసుకుంది.

జూన్ 29

మూడు రోజులైంది, కలీపా నీళ్ళవైపు కన్నెత్తి చూడలేదు. వేలు ముంచి నాకనైనా లేదు. సరస్సుకి వీపు పెట్టి ఆప్రికాట్ చెట్టు కింద కూర్చుంటుంది. పొయ్యి, వాకిలి, బట్టలు ఆరేసే తాడు, ఇవే చూస్తుంది. మోకాళ్ళు నొప్పన్న మనిషి బేగిమై పాలు పితకడానికి వెళ్తే ఎంత చురుగ్గా వెనకాల నడిచిందో.

నాకు నిద్ర పట్టకుండా పోతోంది. సరస్సు కోసం రాకపోతే దేనికొచ్చినట్టు?

జూలై 1

తేలింది.

పొద్దున టీ దగ్గర బేగిమై ఆవిడ కప్పులో సగమే పోసి అందించింది. నిండా పోస్తే తాగి దయచెయ్యమన్నట్టు కదా. కలీపా ఆ సగం కప్పుని బంగారంలా చూసుకుని, "ఈ పిల్ల ఎవరమ్మాయి?" అని నన్ను అడిగింది.

"మా అత్తగారి చిన్నకూతురు" అన్నాను.

"ఓహో" అని నవ్వింది. ఇంకేమీ అడగలేదు.

ఆవిడ గదిలోకి వెళ్ళగానే బేగిమై నా చెయ్యి పట్టుకుని పశువుల కొట్టంలోకి లాక్కుపోయింది.

"వదినా, ఒకటి చెప్తా, అరవకు. ఆవిడ తిలెక్ వాళ్ళమ్మ."

"తిలెక్ ఎవడే?"

"పశువుల డాక్టరు. కరాకోల్లో నర్సు కోర్సు చదివేటప్పుడు పరిచయం. ఆవిడ దిగిన రోజే ఫోటో గుర్తొచ్చి పట్టేశా."

"మరి నువ్వు గుర్తుపట్టావని ఆవిడకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే పరీక్ష పోతుందిగా. అందుకే ఆవు దగ్గర కూడా నవ్వుతూ కూర్చుంటున్నా. రేపటికి దవడలు పడిపోయేట్టున్నాయి."

నవ్వాపుకోలేక ఇద్దరం గడ్డిమీద కూలబడ్డాం. నా భుజంమీద తల పెట్టి నవ్వింది. చాలాసేపు నవ్వింది.

జూలై 4

కలీపాని సరస్సులో దింపాను. లేక ఆవిడే నన్ను దింపిందేమో.

పొద్దున్నే గాలి లేవకముందు ఒడ్డుకి తీసుకెళ్ళాను. "ఇంత దూరం వచ్చి తడవకుండా వెళ్తే అడిగినవాళ్ళకి ఏం చెప్తారక్కా?" అన్నాను. అటువైపు ఒడ్డు కనిపించడం లేదు. ఆవలి కొండల తలలు మాత్రం, మంచు ఉన్నంతమేరకి, నీళ్ళకి పైన విడిగా ఉన్నాయి. ఆవిడ ఎంతోసేపు చూసింది. చూడకూడదని ఇన్ని రోజులు ఆపుకున్న మనిషిలా చూసింది.

"ఇన్ని నీళ్ళు ఎవరికి చెల్లీ?"

"ఎవరికీ కాదక్కా. పొలానికి పనికిరావు, టీకి పనికిరావు."

చెప్పులు విడిచి, గౌను తడుపుకుంటూ దిగింది. చలికి గుప్పున ఊపిరి పీల్చింది. వేలు ముంచి నాకింది. "అరె, ఇందులో ఎవరు పోశారు ఉప్పు?" నేను మోకాళ్ళదాకా వచ్చి ఆగాను. ఆవిడ చెయ్యి చాచింది. పెద్దావిడ చెయ్యి చాస్తే ఎలా వదిలేస్తాను? నడుముదాకా, ఆ తర్వాత ఛాతీదాకా వెళ్ళాం. తలగుడ్డలు కట్టుకుని, గౌన్లు ఉబ్బి, ఇద్దరం రెండు ఉన్ని గుడారాల్లా ఉన్నాం. ఒడ్డున అల్మాటీ పిల్లలు మమ్మల్ని చూసి పడీపడీ నవ్వారు.

నా భుజాలు పట్టుకుని ఆవిడ కాళ్ళు పైకి తేలనిచ్చింది. ఆ ముఖం విప్పారింది. "ఇందుకా వస్తారు ఇంతమంది!"

"ఎందుకక్కా?" అన్నాను. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న జవాబు కదా.

"బరువు తెలీట్లేదు చెల్లీ. మోకాళ్ళున్నాయో లేవో కూడా తెలీట్లేదు."

నేనూ కాళ్ళు వదిలాను. నిజమే, తెలియలేదు.

అప్పుడంది ఆ మాట. "నేనెవరో నీకు తెలుసు, నటించకు."

"తెలుసక్కా."

"ఆ పిల్లెవరో నాకూ తెలుసు. డెబ్భై దాటినావిడకి ఇరవయ్యేళ్ళ కూతురా? ఆ మెడ నీది, ఆ భుజాలు నీవి." నా భుజాలు తడిమి చూపించింది. "నాకు మీ ఇల్లు నచ్చింది ఇందుకే. ఆ పిల్ల నిన్ను వదినా అంటుంది, నీ ముఖంలో ఒక్క గీత పడదు. తన చేత్తో ఇచ్చేసి ఇంత హాయిగా ఉన్న ఆడది మా ఊళ్ళో ఒక్కతీ లేదు. సైరా, నాకూ ఒక్కడే కొడుకు. వాడు రోజంతా పశువుల వెంట పోతాడు, ఇంట్లో నా మాట నాకే వినిపిస్తుంది. వాళ్ళ తొలి బిడ్డని నేనే పెంచుకుంటా. నీలాంటి ఇంటి పిల్ల అయితే గొడవ చెయ్యదు. కదూ?"

ఒడ్డున పిల్లలు ఇంకా నవ్వుతున్నారు.

"అవునక్కా" అన్నాను. "మామూలే."

జూలై 5

మామూలే అన్నాను.

జూలై 6

ఆప్రికాట్లు రాలడం మొదలైంది. చాపలు పరిచి ఎండబెట్టాను. కొత్తగా నలుగురు దిగారు. నలుగురూ నాకారు. ఉప్పుందన్నారు.

జూలై 8

కలీపా వెళ్ళేముందు ముసుగు తీసేసి అత్తయ్య ముందు కూర్చుంది. పిల్లనడిగింది. అత్తయ్య అడ్డదిడ్డంగా పది ప్రశ్నలు వేసి, చివరికి మొహమంతా నవ్వు చేసుకుని ఒప్పుకుంది. ఆగస్టు పదహారున వచ్చి బేగిమై చెవులకి కమ్మలు పెడతారు. పాలరుణం చాపాన్ కూడా అప్పుడే తెస్తారట.

పిల్లకి పాలిచ్చి పెంచిన తల్లికి మగపెళ్ళివాళ్ళు తొడిగే మఖమల్ కోటు అది. తల్లి రెండు చేతులూ అందులో పెట్టిందంటే పిల్లని ఇచ్చేసినట్టే. అంతదాకా ఇచ్చినట్టు కాదు.

"ఎర్రది తెమ్మన్నా" అని అత్తయ్య నాలుగుసార్లు చెప్పింది. "నీలం నా ఒంటికి నప్పదు." ఆ కోటు తొడుక్కునే రోజు కోసం చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. చూడనీ. పెంచింది తనే. జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చున్నది తనే. నాకు కోటు అక్కర్లేదు. రోజంతా పొయ్యి ముందుండే దానికి మఖమల్ ఎందుకు?

కోటు సంగతి నిజంగానే అక్కర్లేదు. చంటిదాని సంగతే తెగడం లేదు. ఇంకా పుట్టనైనా లేదు, దానికి ఎవరి పోలికో కూడా తెలియదు, అప్పుడే ఎవరో వచ్చి దాన్ని పక్క గదికి తీసుకుపోతున్నట్టుంది.

జూలై 15

ఇవాళ ఆప్రికాట్ గింజలు కొడుతూ బేగిమైని కదిపాను.

"మీ అత్తగారు తొలి బిడ్డని తనే పెంచుకుంటుందట."

"తిలెక్ చెప్పాడు. పెంచుకోనీ వదినా. నాకా నైట్ డ్యూటీలు, ఎవరో ఒకరు చూసుకోవాలిగా."

"చూసుకోవడం వేరు. అది నిన్ను అమ్మా అనదు."

"అయితే ఏమవుతుంది?" రాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపింది. గింజవైపే చూస్తూ అడిగింది, "నీకేమీ అనిపించలేదు కదా?"

ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఎన్నిసార్లు అనుకున్నానో. నోరు తెరిచాను.

"లేదు" అని వచ్చింది.

"మరింకేం" అని రాయి దించింది. గింజ సరిగ్గా పగిలింది.

లేదు అన్నాను. అత్తయ్య పక్క గదిలోనే ఉంది, వింటుంది కదా, అందుకే అన్నాను.

అత్తయ్య పక్క గదిలో లేదు. పక్కింట్లో ఉంది.

జూలై 23

ఒక్కతే వచ్చిన అతిథి ఒకావిడ సాయంత్రం నడుములోతు నీళ్ళలో నిలబడి ముఖం కడుక్కుంటూనే ఉంది. కడిగిందే కడుక్కుంటూ అరగంటపైనే. బయటికి వచ్చాక కళ్ళెర్రగా ఉన్నాయి. "ఉప్పునీళ్ళు కదా" అంది, నేను అడక్కుండానే. టీ పోశాను. దేనికొచ్చారని ఆవిణ్ణి అడగలేదు.

అడగకుండా వదిలేసింది ఆవిణ్ణొక్కదాన్నే.

ఆగస్టు 2

చెప్పేశాను. బేగిమైకి కాదు, కలీపాకి కాదు, చెప్పకూడని మనిషికే చెప్పాను.

అత్తయ్య జడ దువ్వుతున్నాను. ఎర్ర కోటుకి ఏ తలగుడ్డ నప్పుతుందని అడుగుతోంది. దువ్వెన పక్కన పెట్టి ముందుకొచ్చి కూర్చున్నాను.

"అత్తయ్యా, కోటు మీదే. నేను అందులో వేలు కూడా పెట్టను. ఒక్కటి అడుగుతాను. కలీపాకి చెప్పండి, తొలి బిడ్డని తల్లి దగ్గరే ఉండనివ్వమనండి. మీరు చెప్తే వింటుంది."

"ఎందుకు చెప్పాలి? మన పద్ధతేగా."

"పద్ధతే."

"మరి?"

"బేగిమై తట్టుకోలేదు అత్తయ్యా."

"అది అడగమందా?"

"లేదు."

అత్తయ్య ఆరిపోయిన కళ్ళతో నన్నే చూసింది. తెలివైన మనిషి. నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అంటే నువ్వు తట్టుకోలేదన్నమాట. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని నాకు టీలు పోశావు."

"మీమీద కోపం లేదు."

"కోపముంటే నయం. కోడలు అరిస్తే నేనూ అరుస్తాను, అక్కడికి సరి. నలుగురి ముందు అడిగే కదే తీసుకున్నా. అప్పుడు నోరేమైంది?"

"నలుగురి ముందు అడిగారు గనకే నోరు రాలేదు."

దువ్వెన లాక్కుంది. సగం జడతో లేచి వెళ్ళిపోయింది.

ఆగస్టు 3

అత్తయ్య జడ తనే అల్లుకుంది.

ఆగస్టు 6

అత్తయ్య నాతో మాట్లాడడం లేదు. నేను పోసిన టీ తాగుతుంది, కప్పు నేలమీద పెడుతుంది, చేతికివ్వదు. బేగిమై మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

వింతేమిటంటే, పొద్దున్నే పీట తీసుకుని సరస్సు ఒడ్డుకి పోతోంది. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళోనే మనువాడి, ఎన్నడూ అక్కడ ఊరికే కూర్చోని మనిషి. అతిథులు స్నానాలు చేస్తుంటే వాళ్ళ మధ్యన, తెల్ల తలగుడ్డ కట్టుకుని, కర్ర మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చుంటుంది. వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకడు పక్కన నిలబడి తీసుకుంటానంటే, "ముందు చొక్కా తొడుక్కుని రా" అందట.

ఎండ నెత్తికెక్కాక మంచినీళ్ళు తీసుకెళ్ళాను. ఆరేడునెలల చంటిదాన్ని ఒకమ్మాయి నీళ్ళలో ఆడిస్తోంది. పాదాలు తగలగానే అది కాళ్ళు ముడుచుకుని తల్లి మెడని కరుచుకుంటోంది. తల్లి మళ్ళీ దించుతోంది, అది మళ్ళీ కరుచుకుంటోంది. అత్తయ్య వాళ్ళనే చూస్తోంది. నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చింది.

ఆగస్టు 11

మెలిస్ ఒక గొర్రెపోతుతో కొండ దిగివచ్చాడు. "అమ్మ ఎందుకలా ఉంది?" అన్నాడు. "ఎండ" అన్నాను. "నువ్వెందుకలా ఉన్నావు?" అన్నాడు. "ఎండే" అన్నాను. ఆయన నమ్మాడు. మొగవాళ్ళని నమ్మించడం ఎంత సులువో.

ఆగస్టు 15

రేపే. నూనెలో వేయించే బోర్సోక్‌ల పిండి కలిపి పెట్టాను. అత్తయ్య కలీపాకి ఏమీ చెప్పదు. అడిగి తప్పు చేశాను. ఆ ముసలిదాని సంతోషం పాడు చేశాను, అంతే మిగిలింది.

ఆగస్టు 16

వరసగా రాస్తాను, లేకపోతే మధ్యలో ఆపేస్తాను.

వాళ్ళు రెండు కార్లలో వచ్చారు. తిలెక్ పొడుగ్గా ఉన్నాడు, చెవులు పెద్దవి, మా ఆవుని చూడగానే దాని పొదుగు తడిమి చూశాడు. అప్పుడే నాకు నచ్చాడు. మాంసం వడ్డించాం, పెద్దవాళ్ళకి పెద్ద ఎముకలు అందించాం. కలీపా బేగిమై చెవులకి వెండి కమ్మలు పెట్టింది. ఆడవాళ్ళంతా పిల్ల నెత్తిన మిఠాయిలు చల్లారు.

అప్పుడు కోటు తీశారు. ఎర్ర మఖమల్, అంచుల్లో తెల్ల కుట్టు. మెలిస్ నేలవైపు చూస్తున్నాడు. నేను టీ దగ్గరే కూర్చున్నాను. కలీపా దాన్ని విప్పి పట్టుకుని అత్తయ్య ముందు వంగింది. "పాలరుణం తీర్చుకోనివ్వండి" అంది. అత్తయ్య లేచింది. కుడిచెయ్యి పెట్టింది.

ఇక అత్తయ్య ఏమీ చెప్పదు. ఇంత ఎదురుచూశానని నాకే తెలియదు.

కలీపా రెండో చెయ్యి కోసం కోటు అటు తిప్పింది. అత్తయ్య ఎడమచెయ్యి కర్రమీదే ఉంది, కదలలేదు.

"ఏమిటి పెద్దమ్మా, ఇరుకైందా?"

"సరిగ్గానే ఉంది. మంచి గుడ్డ" అంది అత్తయ్య. "ఈ చెయ్యి పెంచినదాని చెయ్యి. కోటులో పెట్టేశా, సంతోషం. ఆ చెయ్యి పాలిచ్చినదానిది. దానికి ఒక మాట కావాలి."

గదిలో చెంచాలు ఆగిపోయాయి.

"బేగిమైకి పుట్టే తొలి బిడ్డ దీని ఒళ్ళోనే పెరగాలి. నీ గదిలో పడుకోనీ, నీ వీపెక్కి తొక్కనీ, కానీ అమ్మా అని దీన్నే పిలవాలి. అవునంటే రెండో చెయ్యి పెడతా. కాదంటే సగం కోటుతో ఇలాగే కూర్చుంటా. పిల్లని సగం ఇచ్చినట్టు, సగం ఇవ్వనట్టు. నువ్వెట్టా తీసుకుపోతావో నేనూ చూస్తా."

అత్‌బాషీ నుంచి వచ్చిన మగవాళ్ళలో ఒకాయన దగ్గాడు. కలీపా ముఖం తెల్లబడింది. అత్తయ్యవైపు కాకుండా నావైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు, తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది.

"సైరా, నీళ్ళలో నువ్వే అన్నావు. మామూలే అన్నావు."

అందరూ నన్ను చూశారు. మెలిస్ కూడా తల ఎత్తాడు. బేగిమై కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, కొత్త కమ్మలు ఊగుతున్నాయి. మళ్ళీ నలుగురి ముందే.

"అబద్ధం చెప్పానక్కా" అన్నాను.

"నీ ముఖంలో ఏమీ కనబడలేదే."

"కనబడకుండా చూసుకున్నాను. అదొక్కటే బాగా నేర్చుకున్నాను. మీరు దాన్ని చూసి హాయి అనుకున్నారు. పక్క గదిలో పిల్ల ఏడిస్తే లేవకూడదు, నా పాలు దాని ఏడుపుకి కారిపోతుంటే దుప్పటి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ దాని జ్వరం సంగతి అత్తయ్య చెప్తేనే నాకు తెలియాలి. మీరు మంచివారు, పిల్లని బాగా పెంచుతారు. అయినా వద్దక్కా."

ఒక్కసారిగా ఇంత మాట్లాడానా అని నాకే భయం వేసింది. కలీపా కోటు పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ ఖాళీ ఇల్లు నాకు తెలుసు, నీళ్ళలో నా భుజాలు పట్టుకుని చెప్పుకుంది. ఆ ఇంటినే వదులుకోమని అడుగుతున్నాను.

"మరి రెండోది?" అంది చివరికి, మెల్లగా.

"రెండోది నీ కోడల్ని అడుక్కో" అంది అత్తయ్య. "గదిలో ఎవరూ లేనప్పుడు అడుగు. నలుగురి ముందు అడక్కు."

కలీపా కళ్ళు తుడుచుకుంది, ముక్కు కూడా తుడుచుకుంది. "మాటిచ్చా" అంది. "సాక్షులు ఇంతమంది ఉన్నారు, ఎక్కడికి పోతా."

అత్తయ్య ఎడమచెయ్యి చాచింది. "ఏమే కోడలా, ఏం చూస్తున్నావు? వచ్చి లాగు. చెమటకి గుడ్డ అతుక్కుపోతోంది."

వెళ్ళి లాగాను. రెండుసార్లు జారింది. "మెల్లగా" అంది అత్తయ్య, నాకొక్కదానికే వినిపించేట్టు. పదిహేను రోజులయ్యాక నాతో అన్న మొదటి మాటలు ఇవి.

ఆగస్టు 17

వాళ్ళు పొద్దున్నే వెళ్ళారు. వెళ్ళేముందు కలీపా ఒక్కతే సరస్సు దగ్గరికి నడిచింది, నేను వెంట వెళ్ళలేదు. అత్తయ్య ఎర్ర కోటు తొడుక్కునే పడుకుంది. ఎండకి ఉడికిపోతారంటే వినదు.

సాయంత్రం కప్పులు కడుగుతుంటే బేగిమై వచ్చి పక్కన కూర్చుంది. తుడిచే గుడ్డ తీసుకుంది. రెండు కప్పులు తుడిచింది.

"ఎన్నాళ్ళు తాగాను, నీ దగ్గర?"

"నడక వచ్చేదాకా."

"నన్ను తీసుకెళ్ళిన రోజు ఏడ్చానా?"

"లేదు. మీ నానమ్మ మెళ్ళో పూసలు పట్టుకుని నవ్వుతూ వెళ్ళావు."

కప్పు కింద పెట్టి, నావైపు తిరిగి కూర్చుంది. వదినా అని పిలవలేదు, ఇంకెలాగూ పిలవలేదు.

"మరి నువ్వు?"

ఈసారి లేదు అనలేదు. కొళాయి కట్టేసి చేతులు తుడుచుకున్నాను. ఆ రోజుది, ఆ తర్వాతి రోజుది, దాని మొదటి పన్ను ఊడినప్పటిది, బడికి వెళ్ళిన మొదటి రోజు నేను గోడ చాటున నిలబడినది, అంతా చెప్పాను. అతిథులు భోజనం ఏదని వచ్చి తొంగిచూసి వెళ్ళిపోయారు. అది నా చెయ్యి వదల్లేదు.

ఏమేం చెప్పానో దానికి తెలుసు. ఇక్కడ రాయను.